పెద్దల అవసరం – సరైన కొలత

రసాయన పరిశోధనశాలలో కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థికి గురువులు నేర్పే తొలి పాఠాలలో నమూనా సేకరణ ఒకటి. చెరువు నీటిలో మలినాలు ఎంత ఉన్నవో తెలుసుకోవడానికి ఒక సీసా నిండా నీరు తెచ్చారనుకుందాం. కొంతసేపటికి మట్టి అడుగున పేరుకుంటుంది, పైన నీరు తేటగా నిలుస్తుంది. సీసాను కలియబెట్టకుండా ఆ పైతేటను మాత్రమే తీసి ఎంత ఖరీదైన యంత్రంలో పెట్టినా, వచ్చే జవాబు ఆ చెరువును గురించిన సత్యం కాజాలదు. యంత్రంలో దోషం లేదు, లెక్కలో దోషం లేదు. దోషమంతా యంత్రానికి అందించిన నమూనాలోనే ఉన్నది.

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పెద్దలకు ఈ పాఠంతో దగ్గరి సంబంధం ఉన్నది. 65 ఏళ్ళు దాటి, రోజువారీ పనులకు ఇతరుల సాయం కావలసివచ్చిన వృద్ధులకు అక్కడి ప్రభుత్వం తన ఖజానా నుంచి సొమ్ము వెచ్చించి ఇంటివద్దనే సేవలు ఏర్పాటు చేస్తుంది. ఎవరికి ఎంత సేవ అన్నది ఒక మదింపును బట్టి తేలుతుంది. ఆ మదింపుకు అందే నమూనా వృద్ధులూ వారి బిడ్డలూ చెప్పే మాట. తెలుగువారి ఇళ్ళలో ఆ మాట తరచుగా పైతేటగానే మిగిలిపోతున్నది. దీనిని సరిదిద్దడం ప్రభుత్వంకంటె ముందుగా బిడ్డల చేతిలో, తెలుగు సంఘాల చేతిలో ఉన్న పని.

ఒక ఇల్లు, ఒక ఉదయం

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. 78 ఏళ్ళ పెద్దామె, కొడుకు, కోడలు, ఇద్దరు మనుమలు. మదింపు అధికారిణి ఉదయం పది గంటలకు వస్తుందని వారం ముందే కబురందింది. పరాయి మనిషి గడప తొక్కుతున్నదంటే తెలుగు ఇల్లు ఎలా సిద్ధమవుతుందో అలాగే ఆ ఇల్లూ సిద్ధమైంది. హాలు సర్దారు. గోడ పట్టుకొని నడిచేచోట పడిన చేతిమరకలు తుడిచారు. కోడలు ఆఫీసుకు సెలవు పెట్టి, అత్తగారికి దగ్గరుండి స్నానం చేయించి, గంజి పెట్టిన నేతచీర కట్టింది. అధికారిణి వచ్చి కూర్చోగానే పెద్దామె మోకాళ్ళ నొప్పిని పంటిబిగువున అణచుకొని లేచి, కోడలు కలిపి ఉంచిన కాఫీని తన చేతులమీదుగా అందించింది.

“స్నానం మీరే చేస్తారా?”

“ఆఁ, నేనే చేస్తాను.”

“వంట?”

“యాభై ఏళ్ళు చేసిన చెయ్యి, రాకేం?”

“ఈమధ్య ఎప్పుడైనా పడిపోయారా?”

కొడుకు తల్లివైపు చూశాడు. తల్లి నేలవైపు చూసింది. “లేదమ్మా, బాగానే ఉన్నాను” అన్నది. కొడుకు ఆ మాటనే ఇంగ్లీషులో చెప్పాడు.

గడచిన నెలలో ఆమె రెండుమార్లు పడింది. ఒకమారు స్నానాలగదిలో. మరొకమారు అర్ధరాత్రి, మూత్రం ఆపుకోలేక చీకట్లో త్వరత్వరగా నడుస్తూ. రెండవ సంగతి కొడుకుకు తెలియదు. కోడలికి చూచాయగా తెలుసు. పొయ్యిమీద పాలు మరచిపోయి గిన్నె మాడ్చిన సంగతి మాత్రం ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అక్కడ అబద్ధమాడాలని ఎవరూ అనుకోలేదు. ఇంటికి వచ్చినవారి ముందు కష్టాలు ఏకరువు పెట్టరాదన్న మర్యాదను పాటించారు, అంతే. అధికారిణి తాను చూసినదీ విన్నదీ నిజాయితీగా రాసుకొని వెళ్ళింది. కొద్దిపాటి సాయం చాలునన్న నిర్ణయం కొన్నాళ్ళకు ఉత్తరంగా వచ్చింది. “ఈ దేశంలో మనవాళ్ళను ఎవరు పట్టించుకుంటారు” అని కొడుకు నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పు న్యాయమైనదే కావచ్చు. కాని ఆనాడు అధికారిణి చేతికందింది పైతేట మాత్రమే.

చట్టం ఇచ్చినది

ఈ సేవల ఇటీవలి చరిత్ర తెలిస్తే ఆ కొలతకు ఎంత విలువ ఉన్నదో బోధపడుతుంది. 2018 అక్టోబరులో ఆస్ట్రేలియా ప్రభుత్వం వృద్ధుల సేవల నాణ్యతపైన, భద్రతపైన విచారణకు ఒక రాయల్ కమిషన్‌ను నియమించింది. 2019లో వెలువడిన మధ్యంతర నివేదికకు కమిషన్ పెట్టిన పేరు ఒక్కటే మాట: ‘నిర్లక్ష్యం’. 2021 మార్చిలో బయటికి వచ్చిన తుది నివేదికలో 148 సిఫారసులు ఉన్నాయి. 1997 నాటి పాత చట్టాన్ని తొలగించి, వృద్ధుల హక్కులే పునాదిగా కొత్త చట్టం తేవాలన్నది వాటిలో ముఖ్యమైనది. అలా రూపొందిన 2024 నాటి ఏజ్డ్ కేర్ చట్టం 2025 నవంబరు 1న అమలులోకి వచ్చింది. తనకు నచ్చిన భాషలో మాట్లాడే హక్కు, అవసరమైనప్పుడు దుబాసీని పొందే హక్కు, తన జీవితాన్ని గురించిన నిర్ణయాలు తానే తీసుకొనే హక్కు ఈ చట్టంలోని హక్కుల ప్రకటనలో చోటుచేసుకున్నాయి.

అదే రోజున ‘సపోర్ట్ ఎట్ హోమ్’ అనే కొత్త పథకం మొదలైంది. ఇంటివద్ద నర్సు సేవ, స్నానానికి సాయం, ఇల్లు ఊడ్చి తుడవడం, తోటపని, ఆసుపత్రికి తీసుకువెళ్ళడం వంటివి దీని కిందికి వస్తాయి. ఊతకర్రలు, నడక బండ్లు, స్నానాలగదిలో పట్టుకొనే కమ్మీలు వంటివాటికి వేరుగా నిధులు ఉన్నాయి. పథకంలో 8 మెట్లు. ఆరంభంలో నిర్ణయించిన లెక్కల ప్రకారం అన్నింటికంటె కింది మెట్టుకు ఏడాదికి సుమారు 10,700 డాలర్లు, పై మెట్టుకు సుమారు 78,000 డాలర్లు. ఒకే మనిషి చెప్పిన జవాబులను బట్టి ఏ మెట్టుమీద నిలిచేదీ తేలుతుంది. “బాగానే ఉన్నాను” అన్న ఒక్క మాట ఖరీదు ఎంతో ఈ రెండు అంకెలనుంచి ఎవరికి వారు గ్రహించవచ్చు.

మదింపుకు రుసుము లేదు. నర్సు సేవ వంటి వైద్య సంబంధమైన సేవలకు వృద్ధులు ఏమీ చెల్లించనక్కరలేదు. మిగిలినవాటికి ఆదాయాన్ని, ఆస్తిని బట్టి కొంత వాటా చెల్లించాలి. 2025 నవంబరులో అమలైన పద్ధతి ప్రకారం, పూర్తి వృద్ధాప్య పింఛను పొందేవారు ఇంటిపనుల వంటి సేవల ధరలో 17.5 శాతం, స్వతంత్రంగా మసలడానికి తోడ్పడే సేవలలో 5 శాతం భరిస్తారు. ఏ పింఛనూ లేక సొంత సొమ్ముతో జీవించేవారికి ఇవి 80, 50 శాతాల దాకా పోతాయి. ఆదాయ వివరాలు తెలుపనివారికి అత్యధిక వాటాయే పడుతుంది. అందువల్ల ఆ కాగితాలను బద్ధకించి పక్కన పెట్టడం నష్టదాయకం.

తెలుగు ఇళ్ళలో ప్రబలిన ఒక అపోహ ఇక్కడ చెప్పుకోదగినది. ఆస్ట్రేలియా వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా 10 ఏళ్ళ నివాసం అవసరం. శాశ్వత నివాసం పొందిన తల్లిదండ్రులకు ఈ సేవలు కూడా పదేళ్ళు గడిస్తేగాని రావని ఎందరో నమ్ముతూ, అడగడమే మానుకున్నారు. పింఛను వేరు, సేవలు వేరు. సేవలకు ఆ పదేళ్ళ నియమం లేదు. అయితే కొన్ని నెలలపాటు బిడ్డలను చూసిపోవడానికి వచ్చే సందర్శకుల కోసం ఉద్దేశించినవి మాత్రం కావు.

మరొక సంగతి. మదింపు పూర్తయిన మరునాడే సేవలు మొదలు కావు. అత్యవసరం మొదలు సాధారణం వరకు నాలుగు వరుసలలో దరఖాస్తులను నిలిపి, వంతు వచ్చినప్పుడు నిధులు ఇస్తారు. ఆ వంతు రావడానికి నెలలు పడుతుంది. తల్లి తుంటి ఎముక విరిగిన తరువాత దరఖాస్తు పెట్టే కుటుంబం అప్పటికే ఆలస్యం చేసినట్టే.

కొడుకు దుబాసీ కారాదు

పైన చెప్పిన పెద్దామె అర్ధరాత్రి పడిన సంగతి ఎందుకు దాచింది? తన మూత్రపు ఇబ్బందిని కొడుకు నోటిమీదుగా పరాయి మనిషికి చెప్పించడం ఏ తెలుగు తల్లికీ సాధ్యం కాదు. ఆమె మాటను కొడుకు మోసినంతకాలం, కొడుకు మోయలేని మాట ఆమె నోట రాదు. తండ్రి విషయంలో కూతురికైనా, మామగారి విషయంలో కోడలికైనా ఇదే ఇబ్బంది. పైగా బిడ్డలు మాటకు మాట చెప్పరు. తల్లి అయిదు నిమిషాలు చెప్పినదాన్ని “కొంచెం మోకాళ్ళ నొప్పి అంటున్నది” అని ఒక్క వాక్యంలో ముగిస్తారు. అది ప్రేమలేక కాదు, అభ్యాసం లేక.

దీనికి మందు అందుబాటులోనే ఉన్నది. ఆస్ట్రేలియా ప్రభుత్వ దుబాసీ సేవకు 131 450 నంబరుపై ఫోన్ చేసి “తెలుగు” అని చెబితే తెలుగు దుబాసీని కలుపుతారు. ఆ దుబాసీ ద్వారానే వృద్ధుల సేవల కేంద్రమైన ‘మై ఏజ్డ్ కేర్’కు, అంటే 1800 200 422 నంబరుకు, మాట్లాడవచ్చు. ఇంటికి వచ్చే మదింపు సమయంలో కూడా దుబాసీ కావాలని ముందుగానే కోరవచ్చు. వృద్ధులు దీనికి డబ్బు ఇవ్వనక్కరలేదు. వృత్తి దుబాసీ విన్నది విన్నట్టు చెప్పాలి, విన్నదాన్ని బయట చెప్పరాదు. వలస పాయింట్ల కోసం ‘నాటీ’ సంస్థవారి భాషా పరీక్ష రాసిన తెలుగు యువత చాలామంది ఉన్నారు. ఆ పరీక్ష గట్టెక్కినంతమాత్రాన దుబాసీ పట్టా వచ్చినట్టు కాదని వారికీ తెలుసు.

బిడ్డలు దూరంగా ఉండాలని దీని అర్థం కాదు. కొత్త చట్టం ప్రకారం వృద్ధులు కోరుకున్నవారు ‘రిజిస్టర్డ్ సపోర్టర్’గా నమోదు కావచ్చు, సమాచారం అందుకోవచ్చు, నిర్ణయాలు తీసుకోవడంలో తోడ్పడవచ్చు. నిర్ణయం మాత్రం పెద్దలదే. మదింపులో కొంతసేపైనా పెద్దలను, దుబాసీని, అధికారిని ఒంటరిగా వదలి బిడ్డలు పక్కగదిలోకి వెళ్ళడం మంచిది. మనుమల పెంపకం భారమై అలసిపోతున్నామన్న మాట కూడా అప్పుడే బయటపడవచ్చు. వినడానికి కష్టంగా ఉన్నా అదీ అడుగున పేరుకున్న సత్యమే.

మెదడు దాచుకొనే భాష

భాష సంగతి మర్యాదతో ముగియదు. డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి ముదిరేకొద్దీ, పెద్దయిన తరువాత నేర్చుకున్న భాష సన్నగిల్లి, చిన్ననాటి భాషే మిగలడం ఎందరిలోనో కనిపించే విషయం. ఉద్యోగకాలమంతా ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిన పెద్దమనిషి ఒకనాటికి తెలుగులో మాత్రమే మంచినీళ్ళు అడగవచ్చు. అటువంటివారిని ఇంగ్లీషులో పరీక్షిస్తే కొలిచేది జ్ఞాపకశక్తినా, ఇంగ్లీషు పాండిత్యాన్నా?

వైద్యులు ఈ చిక్కును ఎన్నడో గుర్తించారు. వాడుకలో ఉన్న పాత పరీక్షలలో ఒకటి ఇంగ్లీషు మాటకు అక్షరాలను వెనుకనుంచి ముందుకు చెప్పమంటుంది. బడిచదువు తక్కువైన తెలుగు అవ్వకు మెదడు చురుకుగా ఉన్నప్పటికీ ఆ ప్రశ్న కొరుకుడుపడదు. సిడ్నీ నగరంలో అనేక భాషలవారికి వైద్యం చేసే వైద్యులు ‘రూడాస్’ అనే మరొక పరీక్షను రూపొందించి 2004లో ప్రకటించారు. టీ, వంటనూనె, గుడ్లు, సబ్బు అనే నాలుగు సరుకుల పట్టీ చెప్పి, కాసేపాగి అడుగుతారు. శరీర భాగాలు చూపమంటారు. చేతులతో ఒక కదలికను అనుకరించమంటారు. ఘనాకారపు బొమ్మ గీయమంటారు. వాహనాల రద్దీ ఉన్న వీధిని ఎలా దాటుతారని ప్రశ్నిస్తారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కిస్తారు. ఇవన్నీ దుబాసీ ద్వారా తెలుగులో అడగదగినవే. మొత్తం 30 మార్కులలో 22 లేక అంతకు తక్కువ వస్తే మరింత లోతైన పరీక్ష అవసరమని భావిస్తారు. ఆ అంకె ఒక్కటే రోగనిర్ణయం కాదు. అయినా పరాయి భాషలో వేసిన ప్రశ్నకు వచ్చిన అంకెకంటె ఇది నమ్మదగినది. పెద్దల మతిమరుపుపై అనుమానం వచ్చిన కుటుంబం తమ వైద్యుని ఈ పరీక్ష గురించి పేరుపెట్టి అడగవచ్చు.

అభిమానం అడ్డుగోడ

“ప్రభుత్వపు మనిషి వచ్చి అమ్మకు స్నానం చేయిస్తే, కొడుకై పుట్టి నేనెందుకు?” అన్నది తరచుగా వినిపించే ప్రశ్న. కన్నవారిని కనిపెట్టుకొని ఉండడం తెలుగువారికి ధర్మం. ఆ ధర్మాన్ని తీసివేయమని ఎవరూ కోరడం లేదు. కాని స్వదేశంలో ఆ ధర్మాన్ని ఒక్క కొడుకే మోసేవాడా? ఇంట్లో పనిమనిషి, పక్కింటి పిన్నిగారు, వీధి చివరి ఆర్ఎంపీ డాక్టరు, పండుగకు వచ్చి నెల్లాళ్ళు ఉండిపోయే మేనత్త, ఇందరి చేతులమీదుగా ఆ బరువు నడిచేది. మెల్‌బోర్న్‌లో ఆ చేతులన్నీ ఉద్యోగాలకు వెళ్ళే ఇద్దరు మనుషులుగా కుదించుకుపోయాయి. వారానికి మూడుసార్లు వచ్చే సేవకురాలు కొడుకు స్థానాన్ని ఆక్రమించదు. ఊళ్ళో వదలివచ్చిన ఆ చేతులలో ఒక దానికి బదులుగా నిలుస్తుంది. స్నానపు బెంగ తీరిన తల్లి పక్కన సాయంత్రం కూర్చొని మాట్లాడే తీరిక కొడుకుకు దక్కితే, ధర్మానికి అది లోపమా?

రెండవ అభ్యంతరం ఇంకొక రకమైనది: “ఉన్న కష్టాన్ని పెద్దది చేసి చెప్పి సర్కారు సొమ్ము తినడం తప్పు కాదా?” తప్పే. సీసాను కలియబెట్టడం వేరు, అందులో రంగు కలపడం వేరు. మంచి రోజునూ చెడ్డ రోజునూ రెండింటినీ చెప్పడం నిజాయితీ. అధికారిణి వచ్చిన రోజు మంచి రోజయితే, నిన్నటి రోజు ఎలా గడిచిందో చెప్పడం ఆమెకు మేలు చేసినట్టే.

ఇందుకు ఒక తేలిక ఉపాయం ఉన్నది. ఒక్క కొలతను నమ్మకపోవడం విజ్ఞానశాస్త్రపు అలవాటు. మదింపుకు ముందు ఏడు రోజులు ఒక నోటుపుస్తకంలో తెలుగులోనే రాసిపెట్టుకోవాలి. స్నానానికి ఎవరు సాయం చేశారు, రాత్రి ఎన్నిసార్లు లేచారు, మాత్రలు ఏ పూట మరచారు, ఎక్కడ తూలారు, మెట్లు ఎక్కారా మానుకున్నారా, ఏ పని నిరుడు చేసి ఈ ఏడు వదిలేశారు. పెద్దలు స్వయంగా రాయగలిగితే మరీ మంచిది. ఆ పుస్తకాన్ని దుబాసీ చేత చదివిస్తే, నోట రాని మాటలు కాగితంమీదనుంచి పలుకుతాయి. వయసు మళ్ళినవారు పడిపోవడం చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో వృద్ధులు దెబ్బలు తగిలి ఆసుపత్రి పాలయ్యే కారణాలలో మొదటిది అదే. ఒకసారి పడిన సంగతి నమోదైతే, రెండవసారి పడకుండా ఒక కమ్మీ, ఒక రాత్రి దీపం, ఒక వ్యాయామ నిపుణుని రాక సాధ్యమవుతాయి.

సంఘాలు చేయదగినవి

తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి వేలమందిని ఒకచోట చేర్చగలుగుతున్నాయి. ఆ సభలలో ముందువరుస కుర్చీలలో కూర్చొనే పెద్దలు ఏటేటా పెరుగుతున్నారు. వారిని శాలువాతో సత్కరించడం శోభాయమానమే. సభాస్థలిలో ఒక మూల ఒక బల్ల, ఒక ఫోను, విషయం తెలిసిన ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు కూడా ఉంటే ఆ సత్కారం ఇంటిదాకా వెళుతుంది. అక్కడికక్కడే దుబాసీ సేవకు ఫోన్ చేసి, పెద్దలచేత వారి మాటల్లోనే నమోదు చేయించవచ్చు.

ఆ కార్యకర్తలు తామే దుబాసీలు కాకూడదు. ఊరంతా ఎరిగిన మనిషి ముందు ఎవరూ లోగుట్టు విప్పరు. దారి చూపడం, కాగితాలు చదివి పెట్టడం, మదింపు రోజున తోడుగా కూర్చోవడం వారి పని. తోడు ఎవరూ లేని వృద్ధులకు, భాష అడ్డమై నిలిచినవారికి ‘కేర్ ఫైండర్’ అనే ప్రభుత్వ సహాయకులు 2023 జనవరి నుంచి దేశమంతటా పనిచేస్తున్నారు. ప్రాంతీయ ఆరోగ్య సంస్థల ద్వారా వారిని చేరవచ్చు. అన్యాయం జరిగిందనుకొన్నప్పుడు, నిర్ణయాన్ని మళ్ళీ పరిశీలించమని కోరదలచినప్పుడు, వృద్ధుల తరఫున ఉచితంగా వాదించే సంస్థల కూటమి 1800 700 600 నంబరులో ఉన్నది. ఈ నంబర్లను సంఘాల క్యాలెండర్లలో తిథి నక్షత్రాల పక్కన అచ్చువేయడానికి పెద్ద ఖర్చు కాదు.

సేవలలో లోపాలు లేవనడం సత్యదూరం. తెలుగు వచ్చిన సేవకులు తక్కువ. ఉల్లి వెల్లుల్లి ముట్టని శాకాహారమంటే ఏమిటో వివరించడానికే కొన్ని వారాలు పడుతుంది. ఈ కొరతలపై సేవా సంస్థలను నిలదీయవలసిందే. కాని ఎంతమంది తెలుగు వృద్ధులకు ఏ సేవ అవసరమో లెక్కల్లోకి ఎక్కనంతకాలం ఆ నిలదీతకు బలం రాదు. “మేం బాగానే ఉన్నాం” అన్న ప్రతి జవాబూ తెలుగువారికి ఏమీ అక్కరలేదన్న లెక్కకే చేరుతున్నది.

ఆ పెద్దామె కథ ఉత్తరంతో ముగియనక్కరలేదు. పరిస్థితి మారితే మళ్ళీ మదింపు కోరవచ్చు. మరొకసారి అధికారిణి వచ్చిన రోజున ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉండవచ్చు. గోడమీద చేతిమరకలు తుడవనక్కరలేదు. కాఫీ కోడలే అందించవచ్చు. కొడుకు పిల్లలను తీసుకొని పార్కుకు వెళ్ళవచ్చు. ఫోనులో ఒక తెలుగు స్త్రీ గొంతు “చెప్పండమ్మా, రాత్రిపూట ఎలా ఉంటున్నది?” అని అడిగినప్పుడు, కొడుకు లేని ఆ గదిలో, ఆ తల్లి మొదటిసారిగా ఉన్నమాట చెప్పవచ్చు.